స్కాను గదిలో కొసరు

సమాధానం అనే మనిషి చేతికి ఒక జబ్బుంది. అది తక్కువ వెయ్యలేదు. అన్నం వడ్డించమంటే గరిటె నిండా తీసి విస్తట్లో పెట్టి, దాని మీద ఇంకో అర గరిటె పెడితేగానీ ఆ చెయ్యి వెనక్కి రాదు. టీలో చక్కెర సంగతీ అంతే. క్రిస్మస్‌కి చర్చిలో పిలకాయలకి మిఠాయిలు పంచమని బుట్ట ఆయన చేతికిస్తే చివరి రెండు వరసల పిలకాయలు ఏడవాల్సిందే. భార్య కరుణాకుమారి ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి పట్టుకుని ఆపతానే ఉంది, అది ఆగిన పాపాన పోలేదు. "ఈయన్ని వడ్డనకి పిలిస్తే పెళ్ళివాళ్ళు ఇంకో గుండిగ పొయ్యి మీద పెట్టుకోవాల" అని నవ్వతాది.

ఇదీ ఒక సంగతేనా, చెప్పడానికేం దొరకలేదా అంటారేమో. వంటింటి మనిషైతే నేనూ చెప్పను. ఆయన పని చేసేది వంటింట్లో కాదే! మైపాడు రోడ్డు మీద, ఇందుకూరుపేటకి కొంచెం ఇవతల, ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. అందులో స్కాను తీసేది సమాధానం. ఆ చెయ్యి వడ్డించేది ఎక్స్‌రే కిరణాలు.

చెయ్యి తల్లిది. వాళ్ళమ్మ పేరమ్మ సముద్రం ఒడ్డు పాలెంలో రొయ్యలమ్మేది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పాస్టరుగారు మరియమ్మ అని పెట్టినా ఆ పేరుతో ఆమెని పిలిచిన నాథుడు లేడు. డబ్బాతో రొయ్యలు కొలిచి గంపలో పోసినాక, ఇంకో గుప్పెడు తీసి పైన వేసేది. తెలియని వాళ్ళకి వేళ్ళతో, తెలిసిన వాళ్ళకి గుప్పెటతో, అయినవాళ్ళకి దోసిలితో. "డబ్బాతో పోసిందానికి డబ్బులిచ్చినావు గదమ్మా, ఇది నీకు" అనేది. ఆ గంప పక్కన కూర్చుని పెరిగిన పిల్లోడికి ప్రేమంటే కొసరేనని ఒంటికి పట్టిపోయింది. దాంట్లో తప్పేముంది చెప్పండి? మన వైపు ఎవురి ఇంట్లో అయినా అంతే గదా, ఒక ముద్ద ఎక్కువ పెట్టని ఇంటికి రెండోసారి ఎవురు పోతారు?

పంతొమ్మిదేళ్ళకి ఆ ఆసుపత్రిలోనే చీకటిగదిలో ఫిల్ములు కడిగే పనికి చేరినాడు. మందునీళ్ళ వాసన ఒళ్ళంతా పట్టి, పెళ్ళైన కొత్తలో కరుణాకుమారి ముక్కు మూసుకునేదంట. ఆ రోజుల్లో కరెంటు వచ్చేదీ పోయేదీ దానిష్టం. వోల్టేజీ పడిపోతే ఫిల్ము తెల్లగా పాలిపోయేది. పాలిపోయినదాంట్లో ఏమీ కనపడదు, మళ్ళీ తియ్యాల. అదే కిరణాలు కొంచెం ఎక్కువ పడి నల్లబడితే, పెద్ద బల్బుకు ఆనించి ఎట్టో ఒకట్టా చూసెయ్యొచ్చు. పాత డాక్టర్లు అరిచి అరిచి నేర్పింది ఇదే: తక్కువైతే గోవిందా, ఎక్కువైతే ఫరవాలేదు. అమ్మ నేర్పిందీ డాక్టర్లు నేర్పిందీ ఒక్కటే అయ్యేసరికి ఇంక ఆ చేతిని పట్టేదెవురు?

తర్వాత పరీక్షలు రాసి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు, టెక్నీషియన్ అయినాడు. ఎనిమిదేళ్ళ కిందట ఆసుపత్రికి సీటీ స్కాను వచ్చింది. కొత్తదేం కాదు, ఇంకెవరో వాడి పక్కన పెట్టింది. లారీలో నించి దించినప్పుడు సమాధానం దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, తడిమి చూసి, ప్రార్థన చేసినాడు. అది తీసిన బొమ్మలు కంప్యూటర్లో నెల్లూరికి పోతాయి. అక్కడ డాక్టర్ వనజాక్షి గారు వాటిని చూసి ఏముందో రాసి పంపుతారు. చాలా మంచి డాక్టరు, నోరు మాత్రం కారం. పుస్తకంలో రాసిన మోతాదు ప్రకారం కిరణాలు వేస్తే ఆ పాత మిషన్లో బొమ్మ నిండా గరుకు. ఇసక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉండేది. ఫోను మోగేది. "సమాధానంగారూ, ఏమండీ ఇది, మైపాడు బీచి పంపించారా నాకు? ఇందులో ఏం వెతకమంటారు?"

ఇంకేముంది, మోతాదు పెంచినాడు. పెంచితే చుక్కలు తగ్గుతాయి, బొమ్మ తేరుకుంటాది. అయితే అందరికీ ఒక్కటే మాదిరి పెంచినా బాగుండు. మనుబోలు నుంచో గూడూరు నుంచో వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికి పుస్తకం ప్రకారం, దాని మీద చిటికెడు. ఇందుకూరుపేట మనిషైతే ఇంకొంచెం. తన పాలెం మనిషైతే, "మనోళ్ళు గదా, బొమ్మ బాగా పడాల" అనుకుని దోసిలి. ఎవురూ అడగలా. అడిగేదానికి ఎవురికి తెలుసు? మనిషికి చెడు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనుకోలేదు ఆ పిచ్చి మారాజు. తనది మంచిచెయ్యి అనుకున్నాడు.

పోయిన ఏడాది ఫేబీ వచ్చింది. బిట్రగుంట రైల్వే కాలనీ పిల్ల, చదువు అయిపోగానే ఇక్కడ టెక్నీషియన్‌గా చేరింది. ఆమె వచ్చిన నెలకే ఆసుపత్రి వాళ్ళు స్కాను పక్కన ఇంకో కంప్యూటరు పెట్టినారు. దాంట్లో ఏఐ. పేపర్లో కృత్రిమ మేధ అని రాస్తారే, అది. సమాధానం దాన్ని మొదటి రోజు కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసినాడు.

"ఏం చేస్తాది పాపా ఇది?"

"బొమ్మలో చుక్కలు ఏరేస్తుంది అంకుల్. దీనికి లక్షల బొమ్మలు చూపించి నేర్పించారు. తక్కువ మోతాదుతో తీసిన గరుకు బొమ్మ ఇదీ, అదే మనిషికి నిండు మోతాదుతో తీసిన శుభ్రమైన బొమ్మ ఇదీ అని జతలు జతలుగా. అట్లా చూసీ చూసీ ఏది చుక్కో ఏది మనిషో దానికి తెలిసిపోయింది. ఇకనుంచీ మూడో వంతు మోతాదు చాలు మనకి."

"మూడో వంతా!" అన్నాడాయన, ఎవురో తన కంచంలో అన్నం తీసేసినట్టు.

చూపించింది ఫేబీ. మూడో వంతు మోతాదుతో తీసిన బొమ్మ, పాత రోజుల్లో అయితే వనజాక్షి గారు ఊరంతా వినపడేట్టు అరిచే బొమ్మ, ఆ కంప్యూటర్లోకి పోయి నిమిషం లోపల బయటికొచ్చింది. ఊపిరితిత్తులు, రక్తనాళాల కొసలు, అన్నీ కడిగినట్టు కనపడతా ఉన్నాయి. సమాధానం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముప్పై ఏడేళ్ళు చుక్కలతో కొట్లాడిన మనిషికి అది చిన్న సంగతి కాదు. "దేవుడికి స్తోత్రం" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ వెంటనే, "కానీ పాపా, ఇది చూసి చెప్తా ఉండాదా, ఊహించి గీస్తా ఉండాదా?" అని అడిగినాడు.

మంచి ప్రశ్నే. ఫేబీ కూడా అదే అనింది. అందుకే గరుకు బొమ్మా శుభ్రం చేసిన బొమ్మా రెండూ పంపాలనీ, డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారనీ చెప్పింది. సమాధానం తలూపినాడు. కొత్త మోతాదులు చార్టు రాసి గోడకు అంటించినాడు కూడా. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ ఆ చార్టు ప్రకారమే వేసినాడు. మనోళ్ళు వచ్చినప్పుడు మాత్రం, ఆ చెయ్యి ఉంది చూశారూ, అది చార్టు చదవలా.

ఇంతలో బిందుకి జబ్బు చేసింది.

బిందు ఎనిమిదేళ్ళ పిల్ల. సమాధానం చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన చిన్నపోలయ్యకి మనవరాలు. చిన్నపోలయ్య ఇప్పుడు లేడు. ఆయన కూతురు సాయిలక్ష్మి రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి పోతాది. మొగుడు బోటెక్కితే పది రోజులకి గానీ ఒడ్డుకు రాడు. ఆమెకి సమాధానం వరసకి పెదనాయన, బిందుకి తాత. కార్తీక మాసం వానల్లో పిల్లకి జ్వరం, దగ్గు పట్టుకుని ఎంతకీ తగ్గలా. స్కాను తీస్తే ఊపిరితిత్తిలో, సరిగ్గా గుండె వెనకాల, నిమ్మకాయంత చీముగూడు. అది ఉన్న చోటు అట్లాంటిది, మామూలు ఎక్స్‌రేకి గుండె అడ్డమొస్తాది. అందుకని మందులు వాడటం, స్కాను తీసి చూడటం, మళ్ళీ మందులు. మూడు స్కాన్లు అయినాయి. గూడు తగ్గతా ఉంది గానీ పోలా. ఇంకో ఆరు వారాలు మందులు వాడి నాలుగోసారి చూద్దాం, అప్పటికీ మూసుకోకపోతే మద్రాసుకి తీసకపోయి ఆ ముక్క కోసెయ్యాల్సిందేనని పిలకాయల డాక్టరు చెప్పేసినాడు. ఎనిమిదేళ్ళ బిడ్డకి ఊపిరితిత్తి కొయ్యడమంటే సాయిలక్ష్మి ప్రాణం సగం అప్పుడే పోయింది.

ఆ మూడుసార్లూ తీసింది ఎవురు? సమాధానమే. పసిబిడ్డ, అందులోనూ చిన్నపోలయ్య మనవరాలు. ఆ బిడ్డని కంప్యూటరు ఊహకి వదిలేస్తాడా? "ఇంకొంచెం వేస్తే అది ఊహించే పని తగ్గతాది గదా" అనుకున్నాడు. వేసినాడు.

నాలుగో స్కానుకి ఇంకో వారం ఉందనగా, ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఫేబీ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఏ రోగికి ఎంత మోతాదు పడిందో ఆ మిషనే రాసిపెట్టుకుంటాది. ఏఐ కంప్యూటరు పెట్టినాక ఎంత తగ్గిందో చూపిస్తా పైవాళ్ళకి రిపోర్టు పంపాల.

"అంకుల్, ఒక సందేహం. మైపాడు వైపు వాళ్ళకి ఎముకలు మందమా?"

"అదేంది పాపా?"

"మనుబోలు నుంచి వచ్చిన ఎనభై కేజీల ఆయనకన్నా, మీ పాలెం నుంచి వచ్చిన నలభై కేజీల అవ్వకి రెట్టింపు పడింది."

సమాధానం పకపకా నవ్వినాడు. "మనోళ్ళు గదమ్మా! మనోళ్ళకి కొంచెం కొసరు వెయ్యకపోతే ఎట్టా?" దొరికిపోయినానన్న బెరుకు కూడా లేదు ఆ నవ్వులో. ఫేబీ నవ్వలా. కాగితం తిప్పి ఒక వరస మీద వేలు పెట్టింది.

"ఇది బిందు. ఈ మూడూ."

చూసినాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి చార్టులో ఎంతుందో ఆయనకి తెలుసు, తన చేత్తోనే రాసినాడు. కాగితం మీద ఉన్న అంకె దానికి మూడింతలు. మూడుసార్లూ మూడింతలు. ఏనాడూ ఒకచోట పెట్టి చూడలేదు ఆయన, చూస్తే గదా తెలిసేది. నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"అంటే... తొమ్మిదిసార్లు తీసినట్టా పాపా?"

"లెక్క అట్లాగే వస్తుంది అంకుల్."

"ఆ కంప్యూటరు ఊహించి ఏదన్నా తప్పు చేస్తాదేమోనని..."

"దాని ఊహ తప్పయితే పట్టుకోడానికి డాక్టరుగారున్నారు. రెండు బొమ్మలూ చూస్తారు. ఒంట్లోకి పోయిన కిరణాన్ని ఎవరు పట్టుకుంటారు అంకుల్?"

చిన్నపిల్ల, కూతురు వయసు, గొంతు కూడా పెంచలా. సమాధానానికి మాత్రం చెంప పగిలినట్టయింది. "పిల్లకి ఏమన్నా అవుతాదా?" అని అడిగినాడు. అయ్యే అవకాశం చాలా చిన్నదనీ, అయినా పిలకాయల ఒళ్ళు పెరిగే ఒళ్ళు కాబట్టి అక్కర్లేని చుక్క కూడా పడకూడదనీ ఉన్నదున్నట్టు చెప్పింది ఫేబీ.

ఆ కాగితం సూపరింటెండెంటుగారికి సమాధానమే స్వయంగా తీసకపోయి ఇచ్చినాడు. ఆయన చివాట్లు పెట్టినాడు. ఇంకొక్కసారి చార్టు దాటితే స్కాను గది తాళం ఫేబీకి ఇచ్చేస్తానన్నాడు. అదేం నొప్పనిపించలా సమాధానానికి. నొప్పంతా బిందు దగ్గరుంది.

మధ్యాహ్నం ఇంటికి పోతే కరుణాకుమారి చిత్రాన్నం చేసి పెట్టింది. రెండు ముద్దలు కలిపి వదిలేసినాడు. ఎక్కువ వడ్డించుకోకుండా కంచం ముందునించి లేచిన మొగుణ్ణి ఆమె పెళ్ళైన నాటినించీ చూడలా. "ఏంది? ఎవురన్నా పోయినారా?" అంది. అంతా చెప్పినాడు.

"ఎవురెవురికి చెప్పినావు?"

"నీకే. ఆ సూపరింటెండెంటు దొరకి కాగితం ఇచ్చినాననుకో."

"నాకు చెప్తే ఏం లాభం? నేనేమన్నా ఆ బిడ్డ తల్లినా?"

"చెప్తే అది బెదిరిపోతాది కరుణా. బిడ్డని తీసుకుని టౌనులో ఇంకో సెంటరుకి పోతాది. ఆడ ఈ ఏఐ ఉండాదో లేదో, నిండుగా వేసేస్తారు. చెప్పకుండా ఈసారి గమ్మున తక్కువేసి తీసేస్తే సరిపోతాది గదా?"

కరుణాకుమారి కంచం తీసేసి చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోసింది. "సరిపోతాదిలే" అంది, "నీకు సరిపోతాది." అంతే, ఇంకో మాట మాట్లాడలా. ఆడవాళ్ళు అట్లా మాట్లాడకుండా ఉంటే వినేవాడి గతి ఏమవుతుందో మొగుళ్ళందరికీ తెలుసు. వారం రోజులు సమాధానం టీలో చక్కెర కూడా లేకుండా తాగినాడు.

గురువారం పొద్దున సాయిలక్ష్మి బిందుని తీసుకుని వచ్చింది. పిల్ల రెండు జడలేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని, పండక్కి వచ్చినట్టుంది. తల్లి మొహం మాత్రం పీక్కపోయి ఉంది. వస్తానే, "పెదనాయనా, ఈ ఒక్కసారి బాగా పడేట్టు తియ్యి. దీని బతుకంతా ఈ బొమ్మలోనే ఉండాది" అంది.

"కూర్చో సాయమ్మా. నీకొక మాట చెప్పాల."

ఫేబీ బిందుని మిషను చూపిస్తానని లోపలికి తీసకపోయింది. సమాధానం వరండాలో బల్ల మీద సాయిలక్ష్మి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టినాడు. ముందంతా గందరగోళం. చీకటిగది నించి మొదలుపెట్టి, వాళ్ళమ్మ పేరమ్మ దగ్గరికి పోయి, ఏఐ దగ్గరికొచ్చి, మళ్ళీ వోల్టేజీ దగ్గరికి పోయినాడు. సాయిలక్ష్మికి ఒక్క ముక్క అర్థం కాలా. ఆమెకి అర్థమైంది ఒక్కటే, ఈసారి తక్కువేస్తానంటున్నాడు.

"తక్కువెందుకు? గవర్నమెంటు కార్డు మీద ఉచితంగా వచ్చినామనా? కార్డోళ్ళకి తక్కువెయ్యమని చెప్పినారా మీ వాళ్ళు?"

"కాదు తల్లీ, కాదు."

"మరి? అందరికీ నిండుగా వేసి నా బిడ్డకి తక్కువేస్తే దాంట్లో ఏం తెలుస్తాది? ఈడ కాకపోతే టౌనుకి పోతా. ఇప్పుడే పోతా."

ఆమె లేచి నిలబడింది. అంతే, సమాధానానికి గందరగోళమంతా పోయింది. లేచిన మనిషి కళ్ళలోకి చూసి, ఇంక ఎక్కడికీ పోకుండా చెప్పినాడు.

"ఇప్పటిదాకా తీసిన మూడుసార్లూ దానికి పడాల్సినదానికంటే మూడింతలు వేసినా. ఎవురూ వెయ్యమన్లా. కొత్త కంప్యూటరు వచ్చినాక అంత అక్కర్లేదని నాకు చెప్పినారు, తెలుసు, అయినా వేసినా. మన బిడ్డ గదా అని వేసినా. తప్పు చేసినా సాయమ్మా."

ఎదురుగా రోడ్డు మీద రొయ్యల మేత బస్తాల లారీ ఒకటి పోయింది. ఆ చప్పుడంతా తగ్గినాక సాయిలక్ష్మి అడిగింది: "దానికి ఏమవుతాది?"

"ఏమీ కాకపోవచ్చు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఏమీ కాదంటారు. కానీ వేసినదాన్ని నేను తీసుకోలేను."

ఆమె లోపలికి పోయి బిందు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మెట్లు దిగింది. వేపచెట్టు కింద ఆటోలున్నాయి. అక్కడి దాకా పోయి ఆగింది. బిందు ఏదో అడుగుతా ఉంది, ఆమె వినడం లేదు. సమాధానం వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయినాడు. ఏ మొహంతో పిలుస్తాడు? ఆటోవాడు సీటు తుడిచి చూపించినాడు. పక్కకొచ్చి నిలబడిన ఫేబీ కూడా పిలవలా. ఆ పిల్ల తప్పేముంది పాపం, అయినా తను ఆ కాగితం తియ్యకపోతే ఇదంతా లేకపోయేదని అనుకుంటా ఉంది.

సాయిలక్ష్మి వెనక్కి తిరిగి మెట్ల దగ్గరికొచ్చింది. పైకెక్కలా.

"అది నీ సొంత మనవరాలైతే ఎంతేస్తావు?"

సమాధానం అబద్ధం చెప్పలా. "పోయిన వారం దాకా అయితే ఇంకా ఎక్కువేసి ఉంటా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చార్టులో ఉన్నంతే. దాని మీద ఒక్క పిసరు కూడా వెయ్యను."

"బొమ్మలో తెలుస్తాదా అంత తక్కువకి?"

"తెలుస్తాది. నేనే నమ్మలా ఇన్నాళ్ళూ."

ఫేబీ కల్పించుకుని, "అక్కా, కావాలంటే ఈసారి నేను తీస్తాను" అంది. సాయిలక్ష్మి ఆ పిల్ల వైపు చూసి, సమాధానం వైపు చూసింది. "నువ్వొద్దు. ఆయన్నే తియ్యమను. నువ్వు పక్కన నిలబడి చూడు" అంది. అది నమ్మకమో శిక్షో సమాధానానికి తెలియలా. బహుశా రెండూనేమో.

బిందుని బల్ల మీద పడుకోబెట్టినాడు. "సముద్రంలో మునిగేటప్పుడు ఊపిరెట్టా పడతావు? అట్టా పట్టాల, కదలకూడదు" అన్నాడు. ఆ పిల్లకి అది నేర్పాలా? అల వచ్చే ముందు బుగ్గలు పూరించినట్టు పూరించి చూపించింది. అద్దం ఇవతలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద అంకె ఉంది. ఇంతింత చిన్న అంకె! పేరమ్మ కొడుకు కుడిచెయ్యి మీట మీదికి పోయింది. పైకి చూపించే బాణం గుర్తు ఉంటుందే, దాని మీదికే పోయింది అలవాటుగా. ఒక్కసారి నొక్కితే ఎవరికి తెలుస్తాది అన్నట్టు కాసేపు దాని మీదే ఉంది. వెనకాల ఫేబీ చూస్తానే ఉంది. సమాధానం ఆ చేతిని తీసి, పరీక్షలో పక్కోడి పేపరు చూస్తా దొరికిన పిలకాయ మాదిరి తొడ కింద పెట్టుకున్నాడు. ఎడమచేత్తో మొదలుపెట్టే బటన్ నొక్కినాడు.

మిషను తిరిగింది, ఆగింది. లోపల బిందు బుగ్గలు వదిలి నవ్వతా ఉంది.

మొదట గరుకు బొమ్మ వచ్చింది. చుక్కలే చుక్కలు. ఇంత తక్కువేసి పాడు చేసినానా, ఇప్పుడు మళ్ళీ తియ్యమంటే ఆ తల్లికి ఏం చెప్పాల అనుకున్నాడు. బొమ్మ పక్క కంప్యూటర్లోకి పోయింది. నిమిషం కూడా కాలా గానీ సమాధానం ఆ నిమిషంలో ఎన్ని ప్రార్థనలు చేసినాడో ఆ ప్రభువుకే తెలియాల. శుభ్రమైన బొమ్మ వచ్చింది. ఒక్కొక్క పొరా జరుపుకుంటా గుండె వెనక్కి వచ్చినాడు. పోయినసారి గూడు ఉన్న చోట సన్నటి గీత ఒకటి ఉంది. గూడు లేదు. సంతోషించాల్సిన మనిషి, గబగబా ఫోను తీసినాడు.

"డాక్టరమ్మా, రెండు బొమ్మలూ పంపినా. ముందు గరుకుది చూడండి. శుభ్రం చేసేటప్పుడు ఆ కంప్యూటరు ఉన్నదాన్ని తుడిచేసిందేమో చూడండమ్మా. ఆ బిడ్డని మద్రాసు తీసకపోవాల్నో వద్దో మీరే చెప్పాల."

"ఏమిటండీ ఆ కంగారు? ఉండండి."

ఫోను పట్టుకునే నిలబడ్డాడు. సాయిలక్ష్మి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. బిందు బల్ల దిగి చెప్పులు వెతుక్కుంటా ఉంది. అవతల నించి కీబోర్డు చప్పుడు వినపడతా ఉంది, ఆగతా ఉంది, మళ్ళీ వినపడతా ఉంది.

"సమాధానంగారూ."

"అమ్మా."

"గరుకుదాంట్లోనూ లేదు, శుభ్రం చేసినదాంట్లోనూ లేదు. గూడు మూసుకుపోయింది. ఆ గీత మానిన మచ్చ, అది ఉండిపోతుంది, ఏం చెయ్యదు. ఆపరేషన్ అక్కర్లేదు. జ్వరం తిరగబెడితే తప్ప ఇంక స్కాను కూడా అక్కర్లేదు, అదే రాసి పంపుతున్నాను." కాస్త ఆగి, "మోతాదు ఇంతేనా వేసింది? ఎవరు తీశారు?" అన్నారు.

"నేనేనమ్మా."

"మీరా!" అని నవ్వి ఫోను పెట్టేసినారు డాక్టరుగారు.

సమాధానం సాయిలక్ష్మి వైపు తిరిగినాడు. ఈలోపే పక్కన నిలబడి ఫోనులో మాటలు విన్న ఫేబీ చెప్పేసింది. సాయిలక్ష్మి నిలబడిన చోటే నేల మీద కూలబడి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆరు నెలల ఏడుపు అది, ఒక్కసారిగా వచ్చింది. బిందు బెదిరిపోయి తల్లి మెడ చుట్టూ చేతులేసింది. ఫేబీ నీళ్ళు తెచ్చిచ్చింది. సమాధానం వాళ్ళ దగ్గరికి పోలా, గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి సాయిలక్ష్మి కళ్ళు తుడుచుకుని లేచింది. పిల్ల జడ సరిచేసింది. ఆయన వైపు చూడలా. "తాతకి చెప్పు, పోదాం" అంది.

"పోయొస్తాం తాతా" అంది బిందు.

"రావద్దు తల్లీ" అన్నాడు సమాధానం.

పిల్ల మొహం చిన్నబోయింది. సాయిలక్ష్మి గుమ్మంలో ఆగిపోయి వెనక్కి తిరిగింది. మన వైపు గుమ్మం దిగే బిడ్డతో ఆ మాట శత్రువు కూడా అనడు గదా.

"ఈ గదికి నువ్వింక రావద్దు. నిన్ను చూడాలనిపిస్తే నేనే పాలేనికి వస్తా" అన్నాడు. అనేటప్పుడు ఆ పెద్దమనిషి కళ్ళు ధారలు కట్టినాయి. తుడుచుకోడానికి చెయ్యి పైకి లేవలా.

సాయిలక్ష్మి ఆయన్ని అట్నే చూస్తా నిలబడింది. తప్పు ఒప్పుకున్నప్పటినించీ ఆమె ఆయన్ని వరస పెట్టి పిలవలా.

"ఆదివారం చర్చి అయినాక రా పెదనాయనా" అంది.